రెండో తరగతి పాపకి అన్ని సబ్జెక్టులూ ఒక్క ట్యూషన్ టీచరే. లెక్కలకి వేరే పెట్టాలా?

గుంటూరు_అమ్మ · నవంబర్ 12, రాత్రి 10:14

అందరికీ నమస్తే. మా పాప రెండో తరగతి, ఇంగ్లీషు మీడియం, ప్రైవేటు స్కూలు. జూన్ నుంచి ఇంటికొచ్చి చెప్పే ట్యూషన్ పెట్టాం. మా వెనక వీధి అమ్మాయే. బీఈడీ అయింది, డీఎస్సీకి చదువుకుంటోంది. సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకా, ఆదివారం సెలవు, నెలకి 3000. తెలుగు, ఇంగ్లీషు, హిందీ, లెక్కలు, ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) అన్నీ తనే చెప్తుంది. పిల్లని ఒక్క మాట అనదు, పాప కూడా ఐదింటి నుంచే గుమ్మంలో కూర్చుంటుంది టీచర్ కోసం.

మొన్న యూనిట్ టెస్ట్ మార్కులు వచ్చాయి. 25కి ఈవీఎస్ 23, ఇంగ్లీషు 19, హిందీ 17, తెలుగు 13, లెక్కలు 11. మా ఆయన ఆ 11 చూసి, "ఐదు సబ్జెక్టులూ ఒక్క మనిషికి ఎలా వస్తాయి, లెక్కలకి వేరే మాస్టార్ని పెడదాం" అంటున్నారు. మా అత్తయ్యగారు అబాకస్ అంటున్నారు, పక్కింటి పిల్ల వెళ్తోందని. ఈ టీచర్ని మానిపించాలంటే నాకు మనసొప్పట్లేదు. మీ ఇళ్లల్లో ఏం చేస్తున్నారో చెప్పండి.

మొండిమాట · నవంబర్ 12, రాత్రి 10:41

రెండో తరగతికి ట్యూషనా? కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీలో రెండో తరగతి దాకా అసలు హోంవర్కే ఉండకూడదని రాశారు. మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలు మించకూడదు. మీరు హోంవర్క్ చేయించడానికి నెలకి 3000 ఇస్తున్నారు. ఆ గంటన్నర పిల్లని వీధిలోకి వదలండి, లెక్కలు అవే వస్తాయి.

నైట్‌షిఫ్ట్_నాన్న · నవంబర్ 12, రాత్రి 11:20

పాలసీ కాగితం మీద ఉంటుందన్నా. పొద్దున డైరీలో "హోంవర్క్ నాట్ డన్" అని ఎర్ర సిరాతో రాసొచ్చేది మాత్రం నా కొడుక్కి. నేను సాయంత్రం ఆరింటికి క్యాబ్ ఎక్కుతాను, మా ఆవిడ ఏడున్నరకి ఇల్లు చేరుతుంది. ట్యూషన్ ఫ్యాషన్ కోసం పెట్టుకోలేదు. వీధిలోకి వదలమంటున్నారు, మా వీధిలో బైకులు ఎంత స్పీడుగా వెళ్తాయో ఓసారి వచ్చి చూడండి.

గుంటూరు అక్కా, లెక్కలకి వేరేగా పెట్టడమే మంచిది. మావాడికి అలాగే పెట్టాం. రోజు మార్చి రోజు వస్తాడు, నెలకి ఇంకో 2500.

గోదారి_హెచ్ఎం · నవంబర్ 13, ఉదయం 5:52

అమ్మా, నేను 34 ఏళ్లు బడిలో పనిచేసి రిటైరయ్యాను, చివరి తొమ్మిదేళ్లు హెడ్మాస్టరుగా. ఒక్క ప్రశ్న అడుగుతాను, జవాబు చెప్పాక మిగతాది మాట్లాడుకుందాం. లెక్కల పేపరు మీ దగ్గర ఉందా? ఉంటే ఏ లెక్కలు తప్పాయో చూడండి. అంకెలు మాత్రమే ఇచ్చిన కూడికలు, తీసివేతలు తప్పాయా, మాటల్లో ఇచ్చిన లెక్కలు తప్పాయా?

ఇంకో చిన్న పని. ఈవీఎస్ పుస్తకంలో పాపకి బాగా వచ్చిన పేజీ తీసి, మధ్యలో ఏదో ఒక వాక్యం మీద వేలు పెట్టి చదవమనండి. మొదటి వాక్యం వద్దు.

గుంటూరు_అమ్మ · నవంబర్ 13, రాత్రి 9:35

మాస్టారూ, మీ ప్రశ్న చదివి పొద్దున్నే పేపరు తీశాను. అంకెల లెక్కలన్నీ రైటే. అప్పు తెచ్చుకుని తీసివేసేవి కూడా. మాటల లెక్కలు ఏడు ఇచ్చారు, ఏడూ తప్పే. ప్రతిదానికీ ఒకే పని చేసింది: కనబడ్డ రెండు అంకెలూ కూడేసింది. రవి దగ్గర 34 గోళీలు ఉంటే చెల్లెలికి 18 ఇచ్చాడు, ఎన్ని మిగిలాయి అంటే 52 అని రాసింది. ఇచ్చాక ఎక్కువెలా అయ్యాయే అంటే నా మొహంలోకి చూసి నవ్వింది.

అదే లెక్క వాళ్ల నాన్న తెలుగులో చెప్పారు. రెండు నిమిషాల్లో 16 అంది.

రెండో పని చేసేసరికి నాకు కాళ్లలో సత్తువ పోయింది. నేను మూడో లైను మీద వేలు పెడితే పేజీ మొదటి నుంచి గడగడా అప్పజెప్పింది. ఆపి, "ఇదేంటి, ఈ ముక్క?" అంటే ఒక్కో అక్షరం పేరు చెప్పి ఆగిపోయింది. డబ్ల్యూ, ఏ, టీ, ఈ, ఆర్. వాటర్ అని రాలేదు. 23 మార్కులు వచ్చిన సబ్జెక్టు ఇది.

గోదారి_హెచ్ఎం · నవంబర్ 14, ఉదయం 6:05

నేను అనుకున్నదీ అదే. మీ పాపకి లెక్కలు వచ్చు, చదవడం రాదు. ఇప్పుడు లెక్కల మాస్టార్ని పెడితే వచ్చిన లెక్కలే మళ్లీ చేయిస్తాడు. అబాకస్‌లో వేగం వస్తుంది, అందులో మాటల లెక్క చదివే పని ఉండదు కాబట్టి అక్కడా పాప బాగానే చేస్తుంది. మార్చిలో మళ్లీ 11 వస్తుంది.

అసర్ సర్వే అని వినే ఉంటారు. ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి ఒక్కో పిల్లతో విడిగా కూర్చుని ఒక కాగితం చదివిస్తారు. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ. అంతే కాగితం. ఎక్కడ ఆగితే అదే ఆ పిల్ల మెట్టు. మార్కుల పట్టికలో కనపడనిది అయిదు నిమిషాల్లో బయటపడుతుంది. మీరు ఇంట్లో తెలుగుకి ఒకటి, ఇంగ్లీషుకి ఒకటి ఇలాంటి కాగితం రాసుకోండి. పాప చూడని వాక్యాలు రాయాలి సుమా, పుస్తకంలోవి వద్దు.

టీచర్‌ని మానిపించకండి. అయిదు సబ్జెక్టులూ ఒకరే చెప్పడం మీ అదృష్టం. లెక్కల్లో ఎందుకు ఆగిందో తెలుగు పుస్తకం ముందు కూర్చున్న మనిషికే తెలుస్తుంది. అయిదుగురిని పెడితే ఎవరికి వాళ్లు నా సబ్జెక్టులో బాగానే ఉందంటారు.

కూకట్‌పల్లి_ట్యూటర్ · నవంబర్ 14, మధ్యాహ్నం 1:18

మాస్టారు చెప్పింది నిజమే కానీ మా వైపు మాట కూడా వినండి. ఎనిమిదేళ్లుగా ఇళ్లకెళ్లి చెప్తున్నాను, ఇప్పుడు నాలుగిళ్లు. ఏ ఇంట్లోనైనా నేను చెప్పులు విప్పేలోపే డైరీ నా చేతిలో పెడతారు. ఇంగ్లీషు రెండు పేజీలు, హిందీ ఒక పేజీ, లెక్కలు పదిహేను, ఈవీఎస్ ప్రశ్న జవాబులు మూడుసార్లు రాయాలి. గంటా ఇరవై నిమిషాలు దానికే సరి. మిగిలిన పది నిమిషాల్లో పిల్లాడికి నిద్రొస్తుంది. ఒకింట్లో ధైర్యం చేసి హోంవర్క్ పక్కనపెట్టి వారం రోజులు చదవడం నేర్పించాను. శనివారం ఆ తల్లి "ఈ వారం మీరు పనేం చేయించలేదట కదా" అన్నారు. ఆ నెల జీతం కూడా వారం కోసి ఇచ్చారు.

చూసి రాయించేస్తే అందరికీ హాయి. స్కూలుకీ, తల్లిదండ్రులకీ, మాకూ. ఆ అమ్మాయికీ తెలిసే ఉంటుంది, అడిగి చూడండి.

మొండిమాట · నవంబర్ 14, మధ్యాహ్నం 2:02

చూశారా. నేను మొదట చెప్పిందీ అదే.

కరీంనగర్_సారు · నవంబర్ 14, రాత్రి 8:47

నేను సర్కారు బడిల ఎస్జీటీ, అంటే చిన్న తరగతులకు చెప్పే టీచర్‌ను. ఇది ఒక్క మీ పాప ముచ్చట కాదు మేడమ్. 2022ల మాకు తొలిమెట్టు అని పెట్టింరు గద, ఒకటి నుంచి అయిదు దాకా పిల్లలు చదువుడు, రాసుడు, చతుర్విధ ప్రక్రియలు (కూడికలు, తీసివేతలు, గుణకారాలు, భాగహారాలు) చేసుడు చూడాలె అని. మొదటిసారి ఒక్కొక్కరిని పక్కన కూసోబెట్టుకొని చదివించినప్పుడు నాకే సిగ్గయింది. నాలుగో తరగతిల మంచిగ అప్పజెప్పే పోరి పదం చూస్తే గుర్తుపట్టకపాయె. అందరు కలిసి గట్టిగ చదివినప్పుడు ఆమె నోరు కూడ ఆడేది, నేను చదువుతుందనుకున్న. క్లాసుల 40 మంది ఉంటే గిట్లనే దాగుతరు. ఒక్కరే ఉన్నప్పుడు దాగుడు కష్టం, కానీ హోంవర్క్ ముంగట పెడితే ఒక్కరున్నా దాగుతరన్నట్టు.

ఒకటి పని చేసింది చెప్త. మాటల లెక్క ఇచ్చి జవాబు అడగొద్దు. ముందుగాల చదివించి, "ఏమైంది కథల?" అని అడగాలె. ఇంగ్లీషుదైనా సరే, జవాబు తెలుగుల చెప్పనియ్యాలె. ఆయన కాడ గోళీలుండె, చెల్లెకిచ్చిండు. ఇంక లెక్క అదే అయితది. "మోర్" అనే మాట కాడ జెర జాగ్రత్త. మోర్ కనవడితే పిల్లలు కూడుతరు. రాముకు 27, సీతకు 19, రాముకు ఎన్ని మోర్ అంటే 46 అంటరు.

నైట్‌షిఫ్ట్_నాన్న · నవంబర్ 14, రాత్రి 9:10

సారూ, నిన్న మావాడికి ఇలాంటిదే ఇచ్చా. 46 కాదు, కానీ కూడేశాడు. లెక్కల మాస్టారు ఐదు నెలల నుంచి వస్తున్నాడు. నేనింకేం మాట్లాడను.

ఇంకో సంగతి. మావాడి క్లాస్ టీచరే సాయంత్రం ట్యూషన్ చెప్తానంటున్నారు, పెట్టుకోవచ్చా?

కరీంనగర్_సారు · నవంబర్ 14, రాత్రి 9:31

వద్దు తమ్మీ. 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ల టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పొద్దని ఉన్నది. చట్టం సంగతి పక్కకు పెట్టినా, పేపర్ రాసేది ఆయనే, దిద్దేది ఆయనే, ట్యూషన్ ఆయనదే అయితే మీ బాబు మార్కులు మీరు నమ్మగలరా?

డాలస్_నాన్న · నవంబర్ 15, ఉదయం 7:26

ఒక్కరికి ఒక్కరు చెప్పడం మీద 1984లో అమెరికా విద్యా పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్ రాసిన పేపరు చాలా ప్రసిద్ధం. ట్యూటర్ దగ్గర నేర్చుకున్న సగటు పిల్లవాడు, మామూలు తరగతిలో ఉన్నవాళ్లలో 98 శాతం మందిని దాటిపోయాడని చూపించారు. కాబట్టి ట్యూషన్ దండగ అనేవాళ్లు అది చదవాలి. మా అమ్మాయి ఇక్కడ పుట్టింది. శని ఆదివారాల్లో మనబడిలో తెలుగు నేర్చుకుంటున్నా, చదవడం ఊపందుకున్నది మాత్రం మా అమ్మ వీడియో కాల్‌లో రోజూ పావుగంట విడిగా చదివించడం మొదలుపెట్టాకే.

మొండిమాట · నవంబర్ 15, ఉదయం 11:50

ఆ పేపరు నేనూ చదివాను సార్. అందులో పిల్లలు 4, 5, 8 తరగతుల వాళ్లు. నేర్పింది ప్రాబబిలిటీ, కార్టోగ్రఫీ (మ్యాపుల తయారీ), అదీ మూడు వారాలు. ఆ ట్యూటర్లు ఊరికే పక్కన కూర్చోలేదు. చిన్న పరీక్ష పెట్టి, తప్పింది మళ్లీ నేర్పి, మళ్లీ పరీక్ష పెట్టి ముందుకెళ్లారు. తర్వాత చేసిన పరిశోధనల్లో లాభం ఉందిగానీ అంత రాలేదు. దాన్ని తెచ్చి ఐదు సబ్జెక్టుల హోంవర్క్ ట్యూషన్‌కి అతికించకండి.

మీ అమ్మగారి పావుగంట మాత్రం నాకు నచ్చింది. ట్యూషన్ అంటే నేను తిట్టేది దాన్ని కాదు.

విశాఖ_హిందీ · నవంబర్ 15, సాయంత్రం 4:33

హిందీ గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను హిందీ పండిట్‌ని కాబట్టి రెండు ముక్కలు. రెండో తరగతి పిల్ల ఒకే సాయంత్రం మూడు లిపులు చదువుతోంది. తెలుగులో "పలక" అని రాస్తే పలక అనే చదవాలి. హిందీలో అవే మూడు అక్షరాలు రాస్తే "పలక్" అని చదవాలి, చివరి అకారం మింగేయాలి. ఇది పిల్లలకి ఎవరూ విడమరచి చెప్పరు. అందుకే హిందీలో "కమల్"ని కమల అంటారు, ఇంకొన్నాళ్లకి తెలుగు పలకని పలక్ అంటారు, రెండు చోట్లా దెబ్బలు తింటారు. హిందీలో హ్రస్వ ఎ, ఒ లకి మనలా అక్షరాలు లేవు, అదో చిక్కు.

అంకెలు కూడా. తెలుగులో ఇరవై తొమ్మిది, ముప్పై తొమ్మిది అని వరస తెలుస్తుంది. హిందీలో ఉన్తీస్, ఉన్తాలీస్. ఇరవై తొమ్మిదిలో ఇరవై వినపడదు, తొమ్మిదీ వినపడదు. మూడు భాషల్లో అంకెలు ఒకే రోజు వల్లె వేయించకండి.

తెలుగూ హిందీ ఒకే టీచర్ చెప్తుంటే ఒక మంచి ఉంది. రెండు పుస్తకాలూ పక్కపక్కన తెరిచి ఈ తేడా చూపించవచ్చు.

గుంటూరు_అమ్మ · నవంబర్ 16, రాత్రి 10:02

టీచర్‌తో మాట్లాడాను. కూకట్‌పల్లి మేడమ్ అన్నట్టే, "నాకు ఆగస్టులోనే తెలుసక్కా, మీరేమంటారోనని చెప్పలేదు, హోంవర్కుకే టైమంతా పోతోంది" అంది. చెప్పి కళ్లనీళ్లు పెట్టుకుంది. మొదటి నెలలో ఒకరోజు రాత పూర్తవలేదని నేనే కాస్త గట్టిగా అన్నాను, తను అది మర్చిపోలేదు.

ఇప్పుడు గంటన్నరని ఎలా పంచుకోవాలి? మేడమ్, మీరు చెప్పండి.

కూకట్‌పల్లి_ట్యూటర్ · నవంబర్ 17, ఉదయం 10:40

మీరు తప్పు ఒప్పుకున్నారు, అది చాలామంది చేయరు. నేను చేసేది చెప్తాను, మీ పాపకి తగ్గట్టు మార్చుకోండి.

ముందు స్కూలుకి డైరీలో రాయండి. పాప చదవడంలో వెనకబడింది, రెండు నెలలు రాత పని సగమే చేయిస్తాం అని. నోటితో చెప్తే మర్చిపోతారు, రాస్తే సంతకం పెట్టాల్సి వస్తుంది. నా అనుభవంలో చిన్న క్లాసుల టీచర్లు ఒప్పుకుంటారు, వాళ్లకీ దిద్దే పని తగ్గుతుంది.

వచ్చాక మొదటి పది నిమిషాలు పుస్తకం ముట్టుకోను. బడిలో ఏమైంది, ఎవరితో గొడవ, టిఫిన్ డబ్బాలో ఏముంది. పాప చెప్పిన దాంట్లో ఒక వాక్యం నేను నోట్సులో రాస్తాను, అదే ఆ రోజు చదివే పాఠం. తన మాటే కాబట్టి చదవడానికి భయం ఉండదు. తర్వాత ఇరవై నిమిషాలు చదవడం, ఒక రోజు తెలుగు, ఒక రోజు ఇంగ్లీషు. తెలుగులో గుణింతాలు వచ్చినా ఒత్తుల దగ్గర ఆగుతారు. "అమ్మ, అక్క, అన్న, అత్త" ఇలా ఇంట్లో మనుషులతో మొదలుపెట్టండి, పుస్తకంలో వరస అక్కర్లేదు. ఇంగ్లీషులో అక్షరం పేరు చెప్పనివ్వకండి, శబ్దం చెప్పించండి.

లెక్కలకి ఇరవై నిమిషాలు. చింతపిక్కలు పదేసి చిన్న మూటలు కట్టించండి. అప్పు తెచ్చుకోవడమంటే ఒక మూట విప్పడమేనని చేత్తో తెలుస్తుంది. వారానికి ఒకరోజు పాప చేతే మాటల లెక్క రాయించండి. సొంతంగా లెక్క రాయడం వచ్చిన పిల్ల ఇంకొకరి లెక్క చూసి బెదరదు. చివరి అరగంట హోంవర్క్. అవ్వకపోతే అవ్వలేదు.

హాల్లోనే కూర్చోబెట్టండి, గది తలుపు వేయకండి. ఇది పిల్లకీ మంచిది, మాకూ మంచిది. టీవీ మాత్రం ఆపండి. సీరియల్ ఏడుపు మధ్యలో ఒత్తులు ఎక్కవు.

డాలస్_నాన్న · నవంబర్ 17, రాత్రి 8:15

ఈవీఎస్‌కి టైమ్ లేదా మరి?

గోదారి_హెచ్ఎం · నవంబర్ 18, ఉదయం 5:48

ఎన్‌సీఈఆర్‌టీ వారికే ఒకటి, రెండు తరగతులకి విడిగా ఈవీఎస్ పుస్తకం లేదు నాయనా, మూడు నుంచే మొదలు. ప్రైవేటు ప్రచురణల వాళ్లు వేస్తారు, స్కూళ్లు కొనిపిస్తాయి. రెండో తరగతికి ఈవీఎస్ అంటే కూరగాయల బుట్ట ముందు పెట్టుకుని ఏది వేరు, ఏది కాయ అని మాట్లాడుకోవడం. వంటింట్లో అయిపోతుంది.

గుంటూరు_అమ్మ · డిసెంబర్ 9, రాత్రి 9:50

మూడు వారాల కబురు. స్కూల్లో మొదట ఒప్పుకోలేదు, క్లాస్ టీచర్ని కలిశాక సరే అన్నారు. పాప తెలుగులో ఒత్తులున్న మాటలు కూడబలుక్కుని చదువుతోంది. హిందీ టీచర్‌గారూ, మీ పలక, పలక్ చూపించాం. అది పెద్ద ఆటయిపోయింది, ఇప్పుడు ఇంట్లో అందరినీ హిందీ చేసేసి పిలుస్తోంది, వాళ్ల తాతయ్యని తాతయ్ అంటోంది. ఇంగ్లీషు ఇంకా నడవట్లేదు. మూడక్షరాల మాటలు వస్తున్నాయి, అంతకు మించితే ఊహించి చెప్పేస్తోంది.

మా ఆయన ఇంకా అబాకస్ మాట వదల్లేదు.

నైట్‌షిఫ్ట్_నాన్న · డిసెంబర్ 9, రాత్రి 11:32

నేను లెక్కల మాస్టార్ని మానిపించాను. ఆ 2500 కూడా పాత టీచర్‌కే కలిపి ఇంకో అరగంట అడిగాను. మావాడు మొన్న క్యాబ్ వెనకాల రాసింది చదివాడు. ఏం రాసుందో ఇక్కడ రాయలేను, కానీ తప్పు లేకుండా చదివాడు.

గుంటూరు_అమ్మ · జనవరి 19, రాత్రి 9:20

పండగ హడావుడి అయ్యింది. సంక్రాంతి ముందు పెట్టిన టెస్టు మార్కులు ఇవాళ ఇచ్చారు. లెక్కలు 17, తెలుగు 18, హిందీ 17, ఇంగ్లీషు 16, ఈవీఎస్ 15.

అవును, ఇంగ్లీషు 19 నుంచి 16కీ, ఈవీఎస్ 23 నుంచి 15కీ పడ్డాయి. ఇంట్లో పెద్ద రగడ. "ఉన్నది పోగొట్టారు" అన్నారు మా ఆయన. నేను ఈవీఎస్ పేపరు ఆయన ముందు పెట్టి జవాబులు చూడమన్నాను. ఈసారి అప్పజెప్పిన వాక్యాలు లేవు. నీళ్లు ఎక్కడెక్కడి నుంచి వస్తాయి అంటే స్పెల్లింగు తప్పులతో "ట్యాంకర్" అని రాసింది. మా వీధికి వేసవిలో వచ్చేది ట్యాంకరే. టీచర్ దానికి మార్కు వేయలేదు, పుస్తకంలో లేదు కదా. ఆయన ఆ ముక్క రెండుసార్లు చదివి పేపరు మడిచి ఇచ్చేశారు, ఏమీ అనలేదు. అబాకస్ ఫారం ఫ్రిజ్ మీద ఇంకా అలాగే ఉంది.

పాప సొంతంగా రాసిన లెక్క చూడండి. టీచర్ సెలవుల ముందు రాయించింది, ఉన్నదున్నట్టు దించుతున్నాను:

"అమ్మ 30 అరిసలు చేసింది. టీచర్ 4 తిన్నారు. నాన్న ఎవరికీ చెపకుండా 7 తిన్నారు. ఇంకా ఎన్ని ఉన్నాయి?"

గోదారి_హెచ్ఎం · జనవరి 20, ఉదయం 5:55

19. అరిసెలకి ఎత్వం పోయింది, చెప్పకుండాలో ఒత్తు పోయింది, తిన్నారులో మాత్రం నిలబడింది. నాకు లెక్క కన్నా ఆ "ఎవరికీ చెప్పకుండా" నచ్చిందమ్మా. దిద్దకండి, కాగితం దాచండి.

గుంటూరు_అమ్మ · జనవరి 20, ఉదయం 8:30

దాచాను మాస్టారూ. అయితే డబ్బాలో లెక్కపెడితే 16 ఉన్నాయి. ఇంకో మూడు ఎవరు తిన్నారని అడిగితే పాప "అది ఇంకో లెక్క" అంది.

నైట్‌షిఫ్ట్_నాన్న · జనవరి 20, ఉదయం 9:05

కూకట్‌పల్లి మేడమ్, మియాపూర్ వైపు మీలా చెప్పేవాళ్లు ఎవరైనా తెలుసా? మా టీచర్‌కి డీఎస్సీ వస్తే ఏం చేయాలో ఇప్పట్నుంచే భయంగా ఉంది.